ఆపరేటరమ్మ ఇంటికి రానంది

"నేను రాను."

ఆపరేటరమ్మ ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి అన్నప్పుడు కొడుకు నవ్వాడు. రెండోసారి కూతురు కళ్లు తుడుచుకుంది. మూడోసారికి అంబులెన్సు డ్రైవరు చక్రాల కుర్చీకి బ్రేకు వేసి, గోడకి ఆనుకుని, "ఏదో ఒకటి తేల్చండమ్మా, కింద బండి గేటుకి అడ్డంగా పెట్టొచ్చాను," అన్నాడు.

"సోమవారం నువ్వే కదమ్మా ఇల్లు, ఇల్లు అన్నావు? మంచం తెప్పించాం. ఆక్సిజన్ మిషను తెప్పించాం. కిటికీ పక్కనే వేయించాను, నీకు ఇష్టమని," అన్నాడు కొడుకు. యాభై దాటిన మనిషి పదేళ్ల పిల్లాడిలా మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"సోమవారం వేరు. ఇవాళ వేరు."

"ఏం మారింది?"

ఆవిడ ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టాన్ని చెవి వెనక్కి సర్దుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, కళ్లు మూసుకుంది. నిద్ర కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై మూడేళ్లు పనిచేసిన మనిషి. లైను ఎప్పుడు కట్ చెయ్యాలో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"నేను ముందే చెప్పాను," అంది కూతురు. "ఇక్కడే ఉంచుదాం, అవసరమైతే పైన ఐసీయూకి మారుద్దాం అని. వింటేగా! అన్నయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

"ఐసీయూ వద్దని అమ్మే చెప్పింది. డాక్టరు ముందర. నువ్వూ ఉన్నావు అక్కడ."

"ఉన్నాను. ఆ రోజే ఇల్లు కావాలని కూడా అంది. ఆ మాట మారినప్పుడు ఈ మాట మాత్రం ఎందుకు మారకూడదు?"

కోడలు మంచం కాళ్ల దగ్గర నిలబడి, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెడుతోంది.

ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నది సర్దుబాటు సిస్టర్.

ఆవిడ అసలు ఉద్యోగం పేరు పొడుగు. వార్డులో ఎవరికీ నోరు తిరగదు. నయం చేసే మందులు అయిపోయాయని డాక్టర్లు తేల్చిన పెద్ద వయసు వాళ్లకి మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా చూడటం ఆవిడ పని. ఎక్కడ ఉంటారు, ఎవరు చూసుకుంటారు, ఆయాసం వస్తే ఏ మందు ఎంత వెయ్యాలి, వేళ కాని వేళ ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ ఆవిడే కూర్చాలి. ఒక డాక్టరు అన్నది ఇంకో డాక్టరుకి, ఇద్దరూ అన్నది ఇంట్లోవాళ్లకి, ఇంట్లోవాళ్లు అనలేనిది మంచం మీది మనిషికి చేరవెయ్యాలి. అందరినీ ఎలాగోలా సర్దుతుంది గనక ఆ పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఇప్పుడు పెద్ద డాక్టరు కూడా అలాగే పిలుస్తాడు.

ఆపరేటరమ్మ కోసం వారం రోజులు పరిగెత్తింది. గుండె మరీ బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, తీసేకొద్దీ చేరుతోంది. "నెలలు కాదమ్మా, వారాలు," అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు, ఆవిడే అడిగింది గనక. విని, "చెప్పినందుకు థాంక్స్ అండీ," అంది. అంతే. తర్వాత సిస్టర్ ఇంటికి వెళ్లే నర్సుని కుదిర్చింది. ఆయాసం తగ్గించే మార్ఫిన్ చుక్కలు ఎన్ని గంటలకి ఎన్నో పెద్ద అక్షరాలతో చార్టు రాసింది. వెంటిలేటరు వద్దన్న కాగితం మీద సంతకాలు తీసుకుంది. అంతా అయ్యాక, ఇవాళ శనివారం పదకొండున్నరకి, ఆపరేటరమ్మ రానంది.

కింద అత్యవసర విభాగంలో ఇంకో పెద్దాయన స్ట్రెచర్ మీద ఇదే మంచం కోసం ఎదురుచూస్తున్నాడు. రెండింటికల్లా ఖాళీ చేస్తానని సిస్టర్ మాటిచ్చింది.

కోపం రావాలి. రాలేదు. బదులుగా ఆవిడకి ఎప్పుడూ వచ్చే జబ్బు వచ్చింది, ఆరా తియ్యాలన్న దురద. మనిషికి ఇల్లు వద్దనిపించడానికి కారణం ఉంటుంది. అది ఏమిటి?

"మీరంతా పది నిమిషాలు బయట కూర్చోండి," అంది. "డ్రైవరు బాబూ, బండి వెనక గేటుకి మార్చుకో. నీకు ఫోన్ చేస్తాను."

అందరూ వెళ్లాక స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. రెండు నిమిషాలు అలాగే కూర్చుంటే ఆపరేటరమ్మే ఒక కన్ను తెరిచింది.

"ఈ లైన్లో ఉన్నవారు బిజీగా ఉన్నారు."

"నేను హోల్డులో ఉంటాను."

పెద్దావిడకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి దిగింది. సిస్టర్ తల వెనక దిండు ఎత్తు పెంచి, వీపు నిమురుతూ ఊపిరి సర్దుకునేదాకా ఆగింది.

"కోడలితో ఇబ్బందా?"

"నోరు కడుక్కో తల్లీ. ఆ పిల్ల లేకపోతే నేను ఈపాటికి గోడ మీద ఫొటోని."

"మరి ఇంట్లో బాధ ఎక్కువైతే చూసేవాళ్లు ఉండరని భయమా? నర్సు రోజుకి రెండుసార్లు వస్తుంది."

"భయం నాకు కాదు," అంది ఆవిడ. అని, అనవసరంగా అన్నట్టు పెదవి కొరుక్కుంది. తర్వాత ఎంత కదిపినా కదల్లేదు. చివరికి ఒకటే అడిగింది: "ఇక్కడ పోతే, ఇంటికి తీసుకెళ్లకుండా ఇటునుంచి ఇటే తీసుకెళ్లొచ్చా?"

సిస్టర్ ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ప్రశ్న వినలేదు. అందరూ అడిగేది దానికి సరిగ్గా ఎదురు ప్రశ్న.

నర్సుల బల్ల దగ్గరికి వెళ్లి ఆపరేటరమ్మ చార్టు తిరగేసింది. ఇంతకుముందు చూసిందే. ఈసారి మందులు చూడలేదు, అంకెలు చూసింది. ఆక్సిజన్ తొంభై రెండు, తొంభై ఒకటి, తొంభై రెండు. బుధవారం సాయంత్రం ఆరుంపావుకి ఎనభై నాలుగు. మళ్లీ తొంభై ఒకటి. గురువారం ఆరుంపావుకి ఎనభై మూడు. శుక్రవారం కూడా అదే వేళకి.

"ఏంటిది? రోజూ ఆరింటికి ఏమవుతోంది ఈవిడకి?"

డ్యూటీ నర్సు తల కొట్టుకుంది. "ఫోన్ సిస్టర్! సరిగ్గా ఆరింటికి ముక్కు గొట్టం తీసి దిండు కింద పెట్టేస్తుంది. ఆ బుసబుస అవతలివాళ్లకి వినపడుతుందట. అయిదు నిమిషాలు నవ్వుతూ మాట్లాడుతుంది. ఫోన్ పెట్టేశాక చేప పిల్లలా గిలగిల్లాడుతుంది. ఎంత అరిచినా వినదు."

"ఎవరితో మాట్లాడుతుంది?"

"ఎవరో మరి. లైన్లు బిజీ, ఆలస్యమవుతుంది, మీరు తినేయండి అంటుంది. పాతరోజులు గుర్తొచ్చి పలవరిస్తోందేమో అనుకున్నా."

పలవరింత కాదు. రోజూ ఒకే టైముకి వచ్చే పలవరింత ఉండదు. అది సిస్టర్‌కి తెలుసు.

కోడలు మంచినీళ్ల కుళాయి దగ్గర సీసా నింపుతోంది. సీసా నిండి నీళ్లు పొర్లుతున్నా చూసుకోవడం లేదు. సిస్టర్ వెళ్లి కుళాయి కట్టేసింది.

"బుధవారం ఏం జరిగింది?"

కోడలు ఉలిక్కిపడింది. ఆ చివర బల్ల మీద కూర్చున్న మొగుడి వైపు, ఆడపడుచు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మావయ్యగారి సంగతి మీకు తెలుసు కదా?"

"మతిమరుపు అన్నారు."

"మతిమరుపు అంటే తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోవడం మేడమ్. ఆయనకి పూటపూటకీ పలక తుడిచేసినట్టే. అత్తయ్యని ఇక్కడ చేర్చిన రోజు, 'ఏదీ, కనపడదేం?' అన్నారు. ఆసుపత్రిలో ఉన్నారని చెప్పాను. గోడ పట్టుకుని ఏడ్చేశారు. బూట్లు వేసుకుని బయల్దేరారు. ఎలాగో కూర్చోబెట్టాను. గంట తర్వాత మళ్లీ, 'ఏదీ, కనపడదేం?' మళ్లీ చెప్పాను. మళ్లీ అదే ఏడుపు. కొత్తగా. మొదటిసారి విన్నట్టే. రోజుకి పదిసార్లు మేడమ్. పదిసార్లు నేనే చెప్పాలి."

తుడుచుకుందామంటే చీర కొంగు లేదు, చేతిలో తువ్వాలూ లేదు. అరచేత్తోనే ముఖం తుడుచుకుంది.

"బుధవారం నావల్ల కాలేదు. 'డ్యూటీకి వెళ్లారు మావయ్యా,' అనేశాను. అంతే! 'ఓహో, మధ్యాహ్నం షిఫ్టా? చెప్పవేం మరి,' అని పళ్లెం ముందు కూర్చుని కడుపునిండా తిన్నారు. నాలుగు రోజుల తర్వాత. ఆ సంగతి అత్తయ్యకి ఫోన్లో చెప్తే, నవ్వీ నవ్వీ, 'ఫోన్ ఆయనకివ్వు,' అన్నారు. అప్పట్నుంచి రోజూ ఆరింటికి అత్తయ్య డ్యూటీ నుంచి ఫోన్ చేస్తున్నారు."

"మీ ఆయనకి తెలుసా?"

"పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. చెప్తే తిడతారని..."

సిస్టర్ మళ్లీ లోపలికి వెళ్లింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. మంచం అంచున కూర్చుంది.

"మధ్యాహ్నం షిఫ్టు ఎన్నింటికి దిగుతుందండీ?"

ఆపరేటరమ్మ గుమ్మం వైపు చూసింది. "చెప్పేసిందా పిచ్చిది?"

"చార్టు చెప్పింది. ఆరుంపావుకి ఎనభై నాలుగు."

"నేనింటికి వెళ్తే ఏమవుతుందో చెప్పు. ఆయన పొద్దున లేస్తారు. నన్ను చూస్తారు, ఈ గొట్టంతో. ఏమైంది నీకు అంటారు. చెప్పాలి. ఏడుస్తారు. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తారు. ఏమైంది నీకు?" ప్రతి వాక్యానికీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. "మనిషన్నాక భార్య పోతోందన్న మాట ఒక్కసారి వింటాడు. ఆయనకి రోజూ అదే మొదటిసారి. నేను పోయాక కూడా అంతే. ఇంట్లో పోతే చూస్తారు. ఇక్కడ పోతే, డ్యూటీకెళ్లాను. అంతే. యాభై ఎనిమిదేళ్లలో ఆయన నన్ను ఎన్నడూ బాధపెట్టలేదు తల్లీ. అబద్ధం చెప్పను, రెండుసార్లు పెట్టారు. అందుకని అన్నిసార్లు ఏడిపించనా?"

సిస్టర్ దగ్గర ఎన్నో జవాబులున్నాయి. శిక్షణలో నేర్పినవి, అనుభవంతో నేర్చినవి. అవన్నీ పక్కనపెట్టి ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆయన్ని అడిగారా?"

"ఎవర్ని?"

"ఆయన్నే. మీకు ఇష్టమేనా అని."

"అడిగితే మాత్రం? గంటకి మర్చిపోయే జవాబు దేనికి?" అంది ఆపరేటరమ్మ. కానీ ఆ అనడంలో ఇందాకటి బిగువు లేదు.

బయట అప్పటికే రగులుకుంది. కోడలి ముఖం చూసి కూతురు అడిగినట్టుంది, కోడలు చెప్పేసినట్టుంది.

"మా నాన్నకి అబద్ధాలు చెప్తున్నావా? నా వెనకాల?" కొడుకు లేచి నిలబడ్డాడు.

"మీ ముందర ఎలా చెప్పను? మీరు ఇంట్లో ఉంటేగా!" కోడలి గొంతు మొదటిసారి కారిడారంతా వినపడింది. "ఒక్క పూట కూర్చోండి. ఒక్క పూట! పదిసార్లు మీరు చెప్పండి, పదిసార్లు మీరు ఓదార్చండి. పదకొండోసారికి మీ నోట్లోంచి ఏం వస్తుందో నేనూ వింటాను."

అతను చెల్లెలి వైపు చూశాడు, సాయం పడుతుందని. చెల్లెలు లేచి వెళ్లి వదిన పక్కన కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు వదినా?" అంది. కొడుకు కూర్చున్నాడు. ముగ్గురూ ఎదురుగోడ మీది చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మల్ని శ్రద్ధగా చూశారు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

ముందు, ఇంట్లో పెద్దాయనకి తోడుగా ఉంచి వచ్చిన పక్కింటావిడ వచ్చింది, చెమటలు కక్కుకుంటూ. "నన్నేమీ అనకండి. ఆపితే ఆగలేదు. గేటు దూకేలా ఉన్నారు. సరే పోనీ అని నేనే తీసుకొచ్చాను." ఆవిడ వెనకాల పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు, మెరిసేలా తుడిచిన బూట్లు. ఒకప్పుడు ఇంజనీర్ల ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసిన మనిషి. ఇప్పటికీ నడక గీత గీసినట్టే ఉంది.

"ఆవిణ్ని తీసుకెళ్లడానికి వచ్చాను," అన్నాడు ఎవరో ఒకరితో కాకుండా అందరితో. "డ్యూటీ దిగే టైమైంది."

కొడుకు ఒక్క ఉదుటున అడ్డం వెళ్లాడు. "నాన్నా, ఇంటికి పద. నేను తీసుకొస్తాను అమ్మని."

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు పెద్దాయన మర్యాదగా. వెంటనే, "నువ్వా! చిక్కిపోయావు," అన్నాడు.

కొడుకు గోడ వైపు తిరిగాడు.

"మీరు నాతో రండి సార్," అంది సిస్టర్. "ఆవిడ లోపల పనిలో ఉన్నారు. అయిదు నిమిషాలు నా గదిలో కూర్చుందురుగాని."

ఆవిడ గది అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫైళ్లతో నిండిన బీరువా. తలుపు దగ్గరికి వేసింది. ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటోంది. ఆ అవసరం రాలేదు.

"ఇది ఎక్స్ఛేంజీ కాదు కదండీ?" అన్నాడాయన.

సిస్టర్ అబద్ధం చెప్పలేకపోయింది. "కాదండీ."

"మందుల వాసన. అనుకున్నాను." చొక్కా జేబులో రెండు వేళ్లు పెట్టి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. మడతల దగ్గర నలిగి చిరుగుతోంది. "మీరు పెద్ద సిస్టర్‌లా ఉన్నారు. ఇది కాస్త చూసి, నిజమో కాదో చెప్తారా?"

ప్లాను మీద కొలతలు రాసినట్టు నిటారైన, విడివిడి అక్షరాలు.

'ఆమె ఆసుపత్రిలో ఉంది. గుండె. బాగవదు. అబ్బాయి ఫోన్లో అంటుంటే నేనే విన్నాను.

డ్యూటీ అని చెప్తారు. సరే అను.

కోడలు అలిసిపోయింది. మళ్లీ అడగకు.

ఆరింటికి ఫోన్ వస్తుంది. నవ్వుతూ మాట్లాడు.'

సిస్టర్ రెండుసార్లు చదివింది.

"పొద్దున బొత్తాలు పెట్టుకుంటుంటే జేబులో చేతికి తగిలింది," అన్నాడాయన. "ఎవరో ఆకతాయి రాశాడనుకున్నాను. తర్వాత చూస్తే, నా రాతే. నేను తప్పు కొలత ఎప్పుడూ రాయలేదండీ. కాబట్టి నిజమే అయ్యుండాలి."

"చదివాక... ఏం చేశారు?"

"స్నానాల గదిలో కుళాయి తిప్పాను. శబ్దం వస్తుంది కదా. కాసేపు అక్కడే ఉన్నాను. తర్వాత బయటికొచ్చి, మీ అత్తయ్య డ్యూటీకెళ్లిందా అని అడిగాను. ఆ పిల్ల ముఖం తేలికపడింది. మడతలు ఇంత నలిగాయంటే, రోజూ ఇంతే చేస్తున్నానేమో."

కిటికీ కింద అంబులెన్సు వెనక్కి మళ్లుతున్న చప్పుడు వినిపించింది. బల్ల మీద ఫోన్ మోగింది, కింది నుంచి, మంచం గురించే. సిస్టర్ మోగనిచ్చింది. మోగి మోగి ఆగింది.

"ఒక్క సాయం చెయ్యండి," అన్నాడు పెద్దాయన, ముందుకి వంగి. "నాకు తెలిసినట్టు ఆవిడకి చెప్పకండి. నేను హాయిగా ఉన్నానని అనుకుంటోంది. లేకపోతే నవ్వుతూ మాట్లాడమని రాసుకోను, ఆ నవ్వుకే ఆవిడ బతుకుతోంది ఇప్పుడు."

సిస్టర్ ఇద్దరి మధ్య మాటలు చేరవేసే మనిషి. అవతల మంచం మీద ఒకరు చెప్పొద్దన్నారు. ఇవతల కుర్చీలో ఒకరు చెప్పొద్దంటున్నారు. ఇద్దరూ ఒకే మాట, ఒకరి కోసం ఒకరు.

"సార్, ఒకటి అడుగుతాను. ఆవిడ ఇంటికి రావాలని మీకుందా? ఇదే గొట్టంతో, ఇదే ఆయాసంతో. రోజూ పొద్దున ఈ కాగితం చదివి, పక్కగదిలోకి వెళ్లి ఆవిణ్ని చూడాలి. మీవల్ల అవుతుందా?"

పెద్దాయన కాగితం తిరిగి తీసుకుని బల్ల మీద పరిచాడు. అరచేత్తో మడతలు సాపు చేశాడు. సిస్టర్ పెన్ను అడిగి తీసుకుని, చివరి వరుస కింద, గీటుబద్ద పెట్టినట్టు నిటారుగా రెండు మాటలు రాశాడు.

'ఈరోజు ఆమె'

అక్కడ ఆగి, తలెత్తి చూశాడు. ఆ కళ్లలో మరుపు లేదు.

"నేను పడుకుని లేస్తే ఇదంతా పోతుందండీ. మీరూ, ఈ గదీ, అన్నీ. త్వరగా చెప్పండి," అన్నాడు. "తర్వాత మాట ఏం రాయమంటారు?"